రైలు వచ్చేదాకా కూర్చోబెట్టే రాజక్క

చాలా రోజులు మూసి ఉన్న ఫ్లాటులో నల్లా తిప్పితే ముందు నీళ్లు రావు. గొట్టంలోంచి గాలి వస్తుంది. దగ్గు తెర వచ్చిన ముసలాయనలా అది రెండు మూడుసార్లు గురగురలాడి, కాసిని తుప్పు నీళ్లు కక్కి, ఆ తర్వాత గానీ తేట నీళ్లు వదలదు. పోయిన వారం జనగామ స్టేషన్ రోడ్డులో ఒక ఫ్లాటు చూపిస్తూ, హాలూ బాల్కనీ వదిలేసి నేరుగా వంటింట్లోకి పోయి నల్లా తిప్పాను. కొనడానికి వచ్చిన కుర్రాడు నవ్వి, "ఏంది మేడం, దూప అయితున్నదా?" అన్నాడు. నేనూ నవ్వాను. కానీ ఆ గురగుర చెవిన పడగానే, కొంగు నడుముకు దోపుకుని, నల్లా వైపు చెవి పెట్టి రాజక్క నా పక్కన నిలబడ్డట్టే అనిపించింది. ఆమె పోయి రెండేళ్లయింది. ఈ రోడ్డు మీద ఇళ్లు కొన్నవాళ్లకు, అమ్మినవాళ్లకు తప్ప ఆమె ఎవరికీ తెలియదు. నాకు మాత్రం ఇవాళ ఉన్న పని, పేరు, ధైర్యం మూడూ ఆమె దగ్గర దొరికినవే.

రాజేశ్వరి ఆమె అసలు పేరు. భర్తది భూపాలపల్లిలో బొగ్గు బావి ఉద్యోగం. ఇరవై ఏళ్లకు పైగా క్వార్టర్‌లో కాపురం చేసింది. గోడలకు సున్నం తనే వేసుకుంది, పెరట్లో కరివేపాకు పెంచింది, వాకిట్లో బండలు పరిపించింది. భర్త రిటైరైన నెలలో తాళాలు అప్పజెప్పి బయటికి రావలసి వచ్చింది. ఉన్నదంతా పెట్టి జనగామలో నాలుగో అంతస్తులో ఫ్లాటు కొన్నారు. అటు వరంగల్‌కు బస్సు, ఇటు సికింద్రాబాద్‌కు రైలు, దిగితే మందుల దుకాణం, ముసలితనానికి ఇంతకన్నా ఏం కావాలని. అమ్మిన మధ్యవర్తి ట్యాంకు నింపించి పెట్టి ఇల్లు చూపించాడట. చేరిన మూడో రోజుకు తెలిసింది, నాలుగో అంతస్తుకు నీళ్లు ఎక్కవని. ఏడాది పొడవునా బిందెలు మోసిన మనిషి, మోకాళ్లు పట్టుకుపోయాక ఒకరోజు కింది వరసలో ఖాళీగా ఉన్న దుకాణపు మడిగె అద్దెకు తీసుకుని, తనే ఇళ్లు అమ్మిపెడతానని బోర్డు పెట్టింది. కోపంతో మొదలుపెట్టిన వ్యాపారం అది. కోపం ఎప్పుడో తగ్గిపోయింది గానీ పట్టుదల చివరిదాకా ఉంది.

నేను డిగ్రీ అయిపోయి, రెండు దుకాణాల్లో కూర్చుని, అక్కడా ఇక్కడా చివాట్లు తిని ఆమె దగ్గరికి చేరాను. పేరు అడిగితే స్వరూప అన్నాను. ఇంటిపేరు చెప్పలేదు. మాది కొడకండ్ల దగ్గర ఒక తండా. ఇంట్లో మా భాష మాట్లాడుకుంటాం. అంతకుముందు జనగామలో అద్దె గది కోసం తిరిగినప్పుడు తండా అని చెప్పిన రెండు చోట్లా గది ఖాళీ లేదన్నారు, చెప్పని చోట దొరికింది. ఆ లెక్క నాకు వెంటనే వంటబట్టింది. అప్పటి నుంచి ఊరు అడిగితే కొడకండ్ల అనేదాన్ని. అమ్మ ఫోన్ చేస్తే మెట్ల మీదికి పోయి, గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని. ఎవరికీ తెలియదని నా నమ్మకం.

ఇల్లు చూపించడంలో రాజక్కది అదో రకం పద్ధతి. వచ్చినవాళ్లను ముందు ఇంటికి తీసుకుపోదు. స్టేషన్ దగ్గర కలుసుకుని నడిపిస్తుంది. ఇదిగో టికెట్ కిటికీ, ఇక్కడి నుంచి మన మెట్లకు ఇన్ని అడుగులు, ఇది పాల దుకాణం, ఇది పొద్దున్నే తెరిచే టిఫిన్ సెంటర్, ఇటు పోతే బస్టాండ్, ఈ సందులో రాత్రి దీపం వెలగదు, ఇక్కడ వానకు నీళ్లు నిలుస్తాయి, అన్నీ చెప్పుకుంటూ వస్తుంది. "ఇల్లు కొంటె గోడలొక్కటె రావు పిల్లా, గీ బజారంత వస్తది. ముందు బజారును సూపియ్యాలె" అనేది నాతో. పైకి వెళ్లాక నల్లా. ఆ తర్వాత పట్టాల వైపు ఇల్లయితే బాల్కనీలో కుర్చీలు వేసి, రైలు వచ్చేదాకా కదలనిచ్చేది కాదు. గూడ్సు బండి పోతే కిటికీ అద్దాలు గలగలలాడేవి. సగం మంది అక్కడే లేచి దండం పెట్టేవాళ్లు. నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆమె మాత్రం కుర్చీలు మడిచి గోడకు ఆనించి, "పోనియ్యి, ఇయ్యాల పోయెటోళ్లు నయం, కొన్నంక ఏడ్సెటోళ్లకంటె" అనేది.

అలా రెండేళ్లు అమ్ముడుపోని ఫ్లాటు వెంకన్న పటేలుది. రఘునాథపల్లి వైపు పొలాలున్న పెద్దమనిషి. కూతురి కోసం కొన్నాడు, ఆమె హనుమకొండలో స్థిరపడింది. ఇల్లు పట్టాల వైపే ఉంది. తాళాలు నా దగ్గరే ఉండేవి. నెలకోసారి ఊడ్చి, కిటికీలు తెరిచి, మళ్లీ మూసి వచ్చేదాన్ని. పటేలు జనగామకు వచ్చినప్పుడల్లా మా ఆఫీసులో కూర్చునేవాడు. మధ్యాహ్నమైతే నా డబ్బాలోంచి, అమ్మ ఊరి నుంచి బస్సులో పంపిన జొన్నరొట్టె సగం తీసుకునేవాడు. "మీ అమ్మ చెయ్యి మంచిది బిడ్డా" అని మెచ్చుకునేవాడు. ఆ తర్వాత రాజక్క లేనిది చూసి గొణిగేవాడు. "మీ అక్క రైలును సూపియ్యకుంటె నా ఇల్లు ఎప్పుడో అమ్ముడుపోతుండె. నువ్వన్న జర తెలివిగ ఉండు."

ఉన్నాను. ఉండి తప్పు చేశాను. గుగులోతు జ్యోతి అని, వరంగల్‌లో ఒక దవాఖానలో నర్సు, ఫోన్ చేసింది. భర్తకు సికింద్రాబాద్‌లో పని. ఇద్దరికీ మధ్యన జనగామ అయితే ఇద్దరూ రోజూ ఇంటికి చేరతారని వాళ్ల ఆశ. కొత్తగూడ అడవి పక్క తండాలో పుట్టి, పెళ్లయినప్పటి నుంచి చెరో ఊళ్లో చెరో అద్దె గదిలో ఉంటున్నారు. రాజక్క ఆ రోజు భూపాలపల్లి పోయింది. నేను రైళ్ల వేళలు రాసిన కాగితం ముందేసుకుని, ఏ బండీ లేని ముప్పావు గంట వెతికి పట్టుకుని, సరిగ్గా ఆ వేళకు వాళ్లను పైకి తీసుకుపోయాను. చెట్ల మీద పిట్టల కూతలు తప్ప చప్పుడు లేదు. జ్యోతి వంటింటి గట్టు మీద అరచెయ్యి పెట్టి కాసేపు అట్లాగే నిలబడింది. "గిదే తీసుకుందాం" అంది భర్తతో. నా మొదటి అమ్మకం. కిందికి దిగుతుంటే నా కాళ్లు మెట్లకు ఆనలేదు.

మర్నాడు రాజక్కకు గొప్పగా చెప్పాను. ఆమె ఒకటే అడిగింది. "రైలొచ్చిందా?" నేను నసిగాను. గోడకున్న వేళల కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. "నాకు ట్యాంకు నింపి సూపిచ్చినోడు సుత గింతె సంబురపడ్డడు కావచ్చు" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట ఇన్నేళ్లయినా నాలో ముల్లులా ఉంది. నాతోనే ఫోన్ చేయించి, నేను చేసిన పని నా నోటితోనే చెప్పించి, ఆ సాయంత్రం వాళ్లను మళ్లీ పిలిపించింది. బాల్కనీలో నాలుగు కుర్చీలు. బండి రానే వచ్చింది. ఇల్లంతా సన్నగా వణికింది. నేను తల దించుకున్నాను. జ్యోతి మాత్రం లేచి రెయిలింగు పట్టుకుని, స్టేషన్‌లో బండి ఆగేదాకా చూసింది. "అక్కా, గీ సప్పుడైనంక కుక్కర్ పెట్టుకుంటె సాలు. ఈయన మెట్లెక్కేటాల్లకు అన్నం అయితది" అంది నవ్వుతూ. అందరూ లోపమన్నదాన్ని ఆమె సౌకర్యమంది. ఇంటికి తగిన మనిషి దొరికేదాకా ఆగడమే ఈ పనిలో తెలివి అని ఆ సాయంత్రం నాకు అర్థమైంది.

బయానా కాగితం రాసుకునే రోజు పటేలు తెల్ల బట్టలేసుకుని హుషారుగా వచ్చాడు. జ్యోతి, ఆమె భర్త ఆధార్ కార్డులు జిరాక్సు తీయించడానికి ఎదురుగా ఉన్న దుకాణానికి పోయారు. పటేలు కళ్లద్దాలు పెట్టుకుని కాగితం చదువుతూ మధ్యలో ఆగిపోయాడు. "గుగులోతు? తండోళ్లా గీళ్లు?" అన్నాడు. కాగితం పక్కకు జరిపాడు. "ఇది నడ్వది రాజమ్మా. కింద మీద ఉన్నోళ్లు రేపు నన్నేమంటరు? పండుగొస్తె తండ మొత్తం గీడనే దిగుతది." తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బిడ్డా. మన పిల్లవు, నీకు తెల్వదా?"

రాజక్క నోరు తెరవలేదు. ఎవరినైనా ఒక్క మాటతో కూర్చోబెట్టగల మనిషి, నా ముఖంలోకి చూస్తూ ఊరుకుంది. ఆ చూపుతో నాకు తెలిసిపోయింది, ఆమెకు నా సంగతి ఎప్పటి నుంచో తెలుసునని. ఎదురుగా రోడ్డు దాటడానికి నిలబడిన జ్యోతి కనిపిస్తోంది, చేతిలో జిరాక్సు కాగితాలు. ఇప్పుడు నేను ఊరుకుంటే ఆమె ఇల్లు పోతుంది. నోరు తెరిస్తే నా అద్దె గది పోతుందేమో, ఈ ఉద్యోగంలో నాకున్న మర్యాద పోతుందేమో.

"పటేలా, నేను సుత తండ పిల్లనే" అన్నాను. "నా ఇంటిపేరు భూక్యా. మీరు మెచ్చుకున్న రొట్టెలు మా యాడి, మా అమ్మ చేసినయే. రెండేండ్ల సంది మీ ఇంటి తాళాలు నా సంచిలనే ఉన్నయి. ఒక్క బల్బన్న తక్కువైందా?"

పటేలు నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. అప్పుడు మాట్లాడింది రాజక్క. నా సంచిలోంచి ఆయన తాళాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇల్లు మీది, అమ్ముతరా లేదా మీ ఇష్టం. కాని మనుషులను ఏరి అమ్మే ఇల్లు నా దగ్గర ఉండది. క్వార్టర్ల నుంచి నన్ను ఎల్లగొట్టిన నాడు ఎట్లుంటదో సూసిన. ఒకరిని గడప కాడ ఆపే పని నాతోని కాదు." ఆయన తాళాలు తీసుకోలేదు. కండువాతో మెడ తుడుచుకున్నాడు. జ్యోతి లోపలికి వచ్చి, గదిలో ఏదో జరిగిందని కనిపెట్టి, కాగితాలు పట్టుకుని నిలబడిపోయింది. పటేలు ఆమె వైపు తిరిగాడు. "ఏమమ్మా, రైలు సప్పుడుకు నీకు నిద్రపడ్తదా?"

"డ్యూటీ చేసొచ్చినంక బాంబు పడ్డా లేవను బాపూ" అంది జ్యోతి.

ఆయనకు నవ్వు ఆగలేదు. "ఏడ పెట్టాలె సంతకం?" అన్నాడు నన్ను చూస్తూ.

ఆ సాయంత్రం షట్టరు దించుతూ అడిగాను, అన్నీ తెలిసీ ఎందుకు ఊరుకున్నావని. "మెట్ల మీద మీ అమ్మతోని ఫోన్ల మాట్లాడేది మొదటి నెలల్నే విన్న. అది నీ ముచ్చట, నువ్వే చెప్పాలె. నేను చెప్తె నీకేం మిగుల్తది?" అంది. నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, తాళం సరిగా పడిందో లేదో లాగి చూసుకుంది. భయపడ్డట్టు అద్దె గది పోలేదు. ఓనరమ్మకు నేనే చెప్పాను. ఆమె నాలుగు రోజులు ముభావంగా ఉండి, అయిదో రోజు ఎప్పట్లాగే నీళ్ల మోటరు వేయమని కేకేసింది.

రిజిస్ట్రేషన్ రోజున సాక్షులు ఇద్దరు కావాలి. ఒకరు రాజక్క. రెండో సాక్షిగా పటేలు తన అక్క కొడుకును తెచ్చాడు. తీరా పిలుపు వచ్చే వేళకు అతను జేబులన్నీ తడుముకుని ఆధార్ కార్డు ఇంట్లో మరిచానన్నాడు. పటేలు వాడిని కసిరి, వరసలో వెనక ఉన్న నన్ను గట్టిగా పిలిచాడు, ఆఫీసంతా వినేటట్టు. "భూక్యా స్వరూపా! నీ కార్డున్నదా బిడ్డా? రా, నా దిక్కు సాక్షి సంతకం నువ్వే పెట్టు." రాజక్క పెన్ను నా చేతిలో పెట్టింది. అంతమందిలో నా పేరు పూర్తిగా వినడం నాకు అదే మొదలు. గర్వంతో చెవులు వేడెక్కాయి. జ్యోతి నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది, ఆమె ఇల్లు ఆమెకు రాసి ఇస్తున్న కాగితం మీద నేను నెమ్మదిగా, ఒక్క అక్షరం కూడా తగ్గించకుండా రాశాను.

అప్పటి నుంచి ఈ రోడ్డు మీద ఎన్నో ఫ్లాట్లు నా చేతి మీదుగా అమ్ముడుపోయాయి, ప్రతి దస్తావేజులో ఒక సాక్షిని నేనే. మా వ్యాపారంలో కాగితాలు ఊరికే పోవు. ఇల్లు చేతులు మారినప్పుడల్లా కొనేవాళ్లు పాత దస్తావేజులన్నీ తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చివరి సంతకం దాకా చదువుతారు. నేను ఉన్నా లేకున్నా చదువుతారు. అక్కడ, ఆమె ఉన్నన్నాళ్లు రాసిన ప్రతిదాంట్లో, రాజేశ్వరి అనే పేరు కింద నా ఇంటిపేరు ఉంటుంది, మా నాన్న పేరు ఉంటుంది, మా తండా పేరు ఉంటుంది.