వద్దమ్మ తాళం

గనిలో అందరూ ఆమెను వెనకాల "వద్దమ్మ" అంటారు. ఎదురుగా మాత్రం మేడమే. ఆమె బండ ఒత్తిడి చూసే ఇంజినీరు. ఏ సొరంగంలో తవ్వవచ్చో, ఎక్కడ వద్దో చెప్పాలి. అంత లోతులో దారి తొలిస్తే పైనున్న కొండంత బరువూ పక్కగోడల మీద పడుతుంది. ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుని గోడ ఉన్నట్టుండి పేలిపోతుంది. అప్పుడు పరిగెత్తవచ్చులే అనుకునేవాడంత వెర్రివాడు ఉండడు.

అన్నిటికన్నా అడుగున ఉన్న సొరంగంలో, గోడలకు బిగించిన పరికరాలకు బండ లోపల చిటపటలు వినిపించాయి. ఆమె వెళ్లి దారికి అడ్డంగా గొలుసు కట్టి తన తాళం వేసింది. అక్కడి కట్టుబాటు ఒకటే. ప్రాణభయం ఉన్న ఎవరైనా గొలుసుకు తమ తాళం వేయవచ్చు. వేసినవాళ్లే తీయాలి. మేనేజరైనా సరే ముట్టుకోకూడదు.

రోజులు గడిచాయి. పేలడం మాట అటుంచి, పెచ్చు కూడా రాలలేదు. ఇక చూడాలి ఎకసెక్కాలు! అందరిలోకీ పెద్ద నోరు ఆమె సొంత అన్నయ్యది. అతనూ ఆ సొరంగంలో డ్రిల్లరే.

"చిన్నప్పుడు నీళ్లంటే భయం, ఇప్పుడు రాళ్లంటే భయం. నీ వల్ల నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నానే," అన్నాడు భోజనాల దగ్గర.

"తలంటూ ఉంటేగా అన్నయ్యా, ఎత్తుకోవడానికి! అది ఉంచాలనే నా తిప్పలు. చిటపటలు ఇంకా ఆగలేదు."

వదిన పకపకా నవ్వింది. అన్న చెయ్యి కడుక్కుని లేచాడు.

మర్నాడు మేనేజరు పిలిచాడు.

"తాళం తీస్తారా, ఉద్యోగం వదిలేస్తారా?"

"ఉద్యోగం మీరిచ్చిందే, తీసేసుకోండి. తాళం మాత్రం చచ్చినా తీయను."

ఆయన స్టోరులోంచి మారు తాళంచెవి తెప్పించాడు. సిగ్గులేని పని. ఆమె ఊరుకోలేదు, వెంటే కిందికి దిగింది. డ్రిల్లర్లందరి ముందూ నిలదీసింది. ఆయన వినిపించుకోకుండా ఆమె తాళం తీశాడు.

గొలుసు జారలేదు. పక్కనే ఇంకో తాళం ఉంది.

"ఇదెవడిది?"

"నాదండీ. పొద్దున దిగగానే వేశాను," అన్నాడు అన్న.

"నిన్నటిదాకా అందరికన్నా ఎక్కువ నవ్వింది నువ్వేగా?"

"మా చెల్లెలు, నా ఇష్టం, నవ్వుతాను. నవ్వడం వేరు, లోపలికి పోవడం వేరు."

"తాళంచెవి ఇటివ్వు."

"ఇవ్వను."

ఆమెకు కళ్ల వెంట నీళ్లు కారాయి, తుడుచుకోలేదు. వెనక నిలబడ్డ డ్రిల్లర్లు ఒక్కొక్కరే జేబుల్లో తమ తాళాల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టారు.