మూడు వారాల దగ్గు

జర్మనీలో ష్వైన్‌ఫర్ట్ బయట, మాంసం కోసం కోడెలను మేపే ఒక ఫామ్‌లో పేడ ఎత్తేదాన్ని. వరంగల్ వైపు నాలుగేళ్ళు పశువుల డాక్టరుగా పనిచేసిన మనిషిని. ఆ పట్టా ఇక్కడ ఇంకా చెల్లలేదు, అందుకని మాస్టర్స్ చదువుతూ ఈ పార్ట్‌టైమ్. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అక్కడ ఒక గోధుమరంగు కోడె మూడు వారాలుగా దగ్గుతోంది. ఎడమ చెవి వాలింది, మోకాలు వాచింది. ఫామ్‌కి వచ్చే డాక్టర్ ప్రతిసారీ అదే పెన్సిలిన్ పొడిచి వెళ్ళేవాడు. ల్యాబ్‌లో బ్యాక్టీరియా ఏదీ పెరగలేదట, ఆయనకు అది చాలు. దగ్గు, చెవి, మోకాలు మూడూ కలిస్తే ముందు మైకోప్లాస్మాని అనుమానించాలి. మామూలు పరీక్షలో ఆ సూక్ష్మజీవి పెరగదు. దాని కణానికి గోడే లేదు, గోడను కూల్చే పెన్సిలిన్ దాన్నేం పీకుతుంది? పైగా ఖాళీ ఉంది కదా అని, కొత్తగా కొన్న దూడల్ని కూడా ఆ జబ్బు కోడె పక్కకే తోలారు.

నేను నోరు విప్పాను. "డాక్టర్ గారూ, మైకోప్లాస్మాకి కూడా ఒకసారి పరీక్ష చేయిస్తే బాగుంటుందేమో?" అన్నాను. మా దగ్గర పెద్దవాళ్ళ తప్పును ఇలాగే ఎత్తి చూపుతాం, వాళ్ళకు అర్థమవుతుంది. ఆయన "అక్కర్లేదు" అని సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

గదికొచ్చి జరిగింది చెబుతూ గిన్నెలు విసిరేస్తుంటే, నిజామాబాద్ రూమ్మేట్ ఉల్లిగడ్డలు కోయడం ఆపింది.

"నువ్వు చెప్పినవా, అడిగినవా?"

"మర్యాదగ చెప్పిననే."

"అంటే అడిగినవ్. ఈడ అడిగితే జవాబిస్తరు, గంతే. రేపు పోయి సీదా చెప్పు."

రేపు వీసా ఆఫీసులో అపాయింట్‌మెంట్, ఎల్లుండి పరీక్ష. నిజానికి ఆ డాక్టర్ ముఖం మళ్ళీ చూడాలంటే భయం. నాలుగో రోజు వెళ్ళేసరికి కోడె చచ్చింది. కోయించి చూస్తే ఊపిరితిత్తుల నిండా జున్ను ముక్కల్లాంటి గడ్డలు. ఈసారి పరీక్షలో మైకోప్లాస్మా దొరికింది.

"నీకు ముందే తెలుసా?" అని ఫామ్ యజమాని అడిగాడు.

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

అడిగాను కదా అని అరవబోయి ఆగాను. అప్పటికే నాలుగు దూడలు దగ్గుతున్నాయి, ఒకదాని చెవి వాలింది. గేటు దగ్గరే నిలబడి చెప్పాను: వీటికీ అదే జబ్బు, పెన్సిలిన్ పనిచేయదు, కొత్తవాటిని జబ్బు కోడె పక్కన పెట్టడం తప్పు. అంతా కలిపి పది సెకన్లు కూడా పట్టలేదు.