తొమ్మిది రోజులు మిగిలుండగా

విడాకుల సంగతి ఇద్దరికీ ఒకే ఉదయం, ఒకే గదిలో, వేరువేరు ఫోన్లలో తెలిసింది. పరాయి దేశంలో, వీపున బ్యాగులు వేసుకుని తిరిగేవాళ్ళు దిగే ఎనిమిది మంచాల గది అది. కిటికీ పక్కన కింది మంచం సూదమ్మది. ఎదురుగా ఉన్న కింది మంచం ఆమె వియ్యపురాలిది. సూదమ్మకి కూతురు పంపిన మెసేజీ ఇది: "అయిపోయిందమ్మా. ఇద్దరం సంతకాలు పెట్టేశాం. నేను బాగానే ఉన్నా, కంగారు పడకు." వియ్యపురాలికి కొడుకు ఏం పంపాడో సూదమ్మకి కనపడలేదు. చదువుతున్నంతసేపూ ఆవిడ పెదాలు కదలడం మాత్రం చూసింది.

ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. పై మంచాల మీద కుర్రకారు ఇంకా ముసుగుతన్ని నిద్రపోతున్నారు.

"వేడినీళ్ళు ఎనిమిదింటికల్లా అయిపోతాయి. ముందు నువ్వెళ్ళు వదినా," అంది వియ్యపురాలు.

సూదమ్మ తువ్వాలు తీసుకుని వెళ్ళింది. ఏడుపొస్తుందేమోనని నీళ్ళ కింద చాలాసేపు నిలబడింది. రాలేదు. సబ్బు కంట్లో పడి కాస్త మండింది, అంతే.

సూదమ్మ అసలు పేరు ఆసుపత్రి రిజిస్టర్లో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా రక్తపరీక్షల గదిలో సూది పట్టుకున్న మనిషి. పొద్దున్న ఏడింటికి కుర్చీలో కూర్చుంటే పదకొండు దాకా ఆమెకి చేతులే కనపడేవి, ముఖాలు కనపడేవి కావు. రబ్బరు పట్టీ కట్టి, పిడికిలి బిగించమని చెప్పి, మోచేతి మడతలో చూపుడువేలితో తడిమేది. "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అనేలోపు గొట్టం నిండిపోయేది. మిగతావాళ్ళకి నరం దొరక్కపోతే ఆమెకే కబురు వచ్చేది. భర్త పోయి పదకొండేళ్ళయింది. ఒక్కతే కూతురు. నవ్వొచ్చినా, కోపమొచ్చినా పైకి తేలే మనిషి కాదు. "ఈవిడకే ఓసారి సూది గుచ్చి చూడాలి, లోపల రక్తముందో మంచినీళ్ళున్నాయో" అని తోటివాళ్ళు వెనక నవ్వుకునేవారు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

వియ్యపురాలిది బట్టలు సరిచేసే దుకాణం. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, నడుములు వదులు చేయడం. నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని కూడా గలగలా మాట్లాడగలిగేది. పిల్లలిద్దరూ పెళ్ళి చేసుకుంటామన్నప్పుడు, ఐదేళ్ళ కిందట, వీళ్ళు మొదటిసారి కలిశారు. సూదమ్మ చొక్కా చేతి అంచు ఊడి వేలాడటం చూసి, ఆవిడ సంచిలోంచి సూదీ దారం తీసి, మాట్లాడుతూ మాట్లాడుతూనే కుట్టేసింది. "మీదీ సూదే, నాదీ సూదే. మీరు గుచ్చితే ఏడుస్తారు, నేను గుచ్చితే తొడుక్కుంటారు, అదే తేడా వదినగారూ" అంది. సూదమ్మ ఆ రోజు పైకే నవ్వింది.

పెళ్ళయ్యాక ఆ జంటకన్నా వీళ్ళ జోడీయే బాగా కుదిరింది. సెలవురోజు వస్తే కలిసి తిరిగేవారు. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ఎప్పటికైనా ఏడెనిమిది నెలలు దేశాలు పట్టుకుని తిరగాలన్న ఆలోచన వియ్యపురాలిది. ఆవిడ భర్తకి వీధి మలుపు దాటితేనే విదేశీయానం. "మీరిద్దరూ వెళ్ళిరండి, నేను కుర్చీ కాపలా కాస్తాను" అన్నాడాయన. సూదమ్మ ఏళ్ళ తరబడి వాడని సెలవులన్నీ పోగుచేసింది. ఇద్దరూ చెరో బ్యాగు కొనుక్కుని, అందులో బియ్యం సంచులు పెట్టుకుని మేడమెట్లు ఎక్కీ దిగీ అలవాటు చేసుకున్నారు.

ప్రయాణానికి ఇరవై రోజులుందనగా సూదమ్మ కూతురు రెండు పెట్టెలతో పుట్టింటికి వచ్చేసింది. కొట్టుకున్నదీ లేదు, తిట్టుకున్నదీ లేదు. "మా మధ్య మాటలు అయిపోయాయమ్మా" అంది. అంతకన్నా ఎంత అడిగినా చెప్పలేదు. ఇక ప్రయాణం లేనట్టేనని సూదమ్మ అనుకుంది. వియ్యపురాలూ అదే అనుకుంది. కానీ ఆ ముక్క ముందు తనే అనడం ఇద్దరికీ ఇష్టం లేకపోయింది. అనుకున్న రోజుకి ఇద్దరూ విమానాశ్రయానికి వచ్చి నిలబడ్డారు.

"పిల్లల సంగతి ఎత్తొద్దు, సరేనా?" అంది వియ్యపురాలు.

"సరే."

ఏడు నెలలు ఆ మాట మీదే ఉన్నారు. మూడో నెలలో ఒక కొండదారిలో బస్సు చెడిపోయి ఆరు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నప్పుడు "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. ఎక్కడ దిగినా ఇద్దరూ కలిసి ఫోటో తీయించుకునేవారు. సూదమ్మ వాటిని కూతురికి పంపేది. తల్లులిద్దరూ ఇలా భుజం భుజం రాసుకుని తిరుగుతుంటే అక్కడ ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఎన్నాళ్ళుంటారని ఆమె ఆశ. ఎవరికీ చెప్పని ఆశ. కూతురు ప్రతి ఫోటోకీ పైకెత్తిన బొటనవేలి బొమ్మ పెట్టేది.

మెసేజీ వచ్చేసరికి తిరుగు విమానానికి ఇంకా తొమ్మిది రోజులుంది. మర్నాడు కొండ మీది సరస్సు చూడటానికి వెళ్ళాలి. ప్రయాణం మొత్తంలో చూడాల్సినవాటిలో అదే పెద్దదని మొదటినుంచీ చివరికోసం దాచిపెట్టుకున్నారు. వద్దని ఎవరూ అనలేదు కాబట్టి వెళ్ళారు. నాలుగు గంటలు ఎక్కారు. చివరి మలుపు తిరగ్గానే కళ్ళెదుట సరస్సు, అంత నీలమూ ఒక్కచోటే పోసినట్టు. చుట్టూ ఉన్నవాళ్ళు అరిచారు, ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. సూదమ్మ చూసింది. ఆసుపత్రి వరండా గోడని చూసినట్టే చూసింది.

"బాగుంది కదా?" అంది వియ్యపురాలు.

"బాగుంది."

"ఫోటో తీయించుకుందామా?"

"నీ ఇష్టం."

తీయించుకున్నారు. ఆ ఫోటోని ఇద్దరూ ఎవరికీ పంపలేదు. తెచ్చుకున్న రొట్టెముక్కలు, ఉడికించిన గుడ్లు తిని దిగొచ్చేశారు.

కింద ఊళ్ళో, బస చేసినచోట బట్టలు ఉతికే యంత్రం ముందు కూర్చుని ఉండగా సూదమ్మ నోరు దానంతటదే తెరుచుకుంది. "మీవాడు ఒక్కసారి మా ఇంటికొచ్చి దాన్ని అడిగుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

వియ్యపురాలు తడి సాక్సు పిండుతున్నదల్లా ఆగిపోయింది. "వచ్చాడు. మనం బయల్దేరాక రెండుసార్లు వచ్చాడు. మీ అమ్మాయి తలుపే తీయలేదు. మీకు చెప్పలేదా?"

కూతురు చెప్పలేదు. సూదమ్మ ఆ మాట వినడం అదే మొదటిసారి.

"ఏడు నెలలు కడుపులో పెట్టుకుని తిరిగారన్నమాట," అంది.

"ఎత్తొద్దనుకున్నాం కదండీ."

ఆ "అండీ"తో మాటలు ఆగిపోయాయి. యంత్రం ఇంకో ఇరవై నిమిషాలు తిరిగింది. ఎవరి బట్టలు వాళ్ళు ఏరుకుని, చెరో తాడు మీదా ఆరేసుకున్నారు.

తర్వాత రెండు రోజులు ఒకే గదిలో ఉంటూ చెరో దారిన తిరిగారు. సూదమ్మ ఒక మార్కెట్లోకి వెళ్ళి, ఏమీ కొనకుండా, ఏమీ చూడకుండా ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. కూతురి మీద కోపం రావాలి. వియ్యపురాలి మీదైనా రావాలి. ఎవరి మీదా రావడం లేదు. దంతవైద్యుడు మత్తిచ్చాక చెంప మన చెంపలా ఉండదు చూడండి, ఒళ్ళంతా అలా ఉంది. ఆకలి మాత్రం వేళకి వేసేది.

మూడో రోజు ఉదయం విమానం ఎక్కే నగరానికి బయల్దేరారు. దారిలో ఒక చిన్న ఊళ్ళో బస్సు మారాలి. బస్టాండులో వరసలో సూదమ్మ ముందు, నలుగురి వెనక వియ్యపురాలు. ధబ్బుమని చప్పుడైంది. తిరిగి చూస్తే వియ్యపురాలు తిరగేసిన తాబేలులా బ్యాగు మీద వెల్లకిలా పడుంది. ముఖం తెల్లగా పాలిపోయింది. సూదమ్మ నలుగురినీ తోసుకుంటూ వెళ్ళి, ఆవిడ భుజాల పట్టీలు విప్పి, నాడి పట్టుకుంది. సన్నగా, వేగంగా కొట్టుకుంటోంది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"నిన్న పొద్దుట్నుంచీ... కడుపు కడుపులా లేదు. నీళ్ళు తాగినా నిలవట్లేదు."

"చెప్పొచ్చుగా!"

"మాట్లాడుకోవట్లేదుగా మనం," అంది వియ్యపురాలు కళ్ళు మూసుకునే.

బస్టాండు వెనకే చిన్న వైద్యశాల ఉంది. అక్కడి నర్సుకి వీళ్ళ భాష రాదు, ఆవిడ భాష వీళ్ళకి రాదు. ఫోన్లో మాట్లాడితే అది అనువాదం చేసి వినిపించేది. నర్సు ఒక ఫారం ఇచ్చింది. రోగికి మీరేమవుతారు అన్నచోట నాలుగు గళ్ళున్నాయి: భర్త లేదా భార్య, తల్లి లేదా బిడ్డ, తోబుట్టువు, ఇతరులు. సూదమ్మ పెన్ను కాసేపు గాల్లోనే ఉంచి, చివరికి "ఇతరులు" పక్కన టిక్కు పెట్టింది. నర్సు అది చూసి బయట బెంచీ చూపించింది. ఇతరులు లోపలికి రాకూడదట. సూదమ్మ ఫారం వెనక్కి తీసుకుని, ఆ టిక్కు కొట్టేసి, తోబుట్టువు గడిలో పెట్టింది. నర్సు ఆమె ముఖంలోకి ఒకసారి చూసి తలుపు తెరిచింది.

సెలైను ఎక్కించాలి. నీరంతా పోయి నరాలు లోపలికి కుంగిపోయాయి. నర్సు మూడుచోట్ల గుచ్చింది. మూడూ తప్పిపోయాయి. వియ్యపురాలు పళ్ళు బిగబట్టుకుని ఉంది. నాలుగోసారి నర్సు సూది ఎత్తగానే సూదమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఫోన్లో తన పనేమిటో చెప్పింది. ఏ కళనుందో ఆ నర్సు పక్కకి జరిగింది.

సూది తను పట్టుకోలేదు, ఆ మాత్రం నియమం తెలుసు. ఒక గుడ్డని వేడినీళ్ళలో ముంచి పిండి వియ్యపురాలి ముంజేతికి చుట్టింది. చెయ్యి మంచం దిగువకి వేలాడదీసింది. ఐదు నిమిషాలాగి పట్టీ కట్టి, కళ్ళు మూసుకుని బొటనవేలి వైపు ఎముక పక్కనే తడుముతూ పోయింది. ఒకచోట తడి దారంలాంటిది వేలికింద కదిలింది. అక్కడ గోటితో సన్నగా నొక్కి గుర్తు పెట్టింది. నర్సు గుచ్చింది. గొట్టంలో రక్తం ఎర్రగా తొంగిచూసింది.

నర్సు ఏదో అంది. ఫోను ఆగి ఆగి చెప్పింది: "మీ అక్క అదృష్టవంతురాలు."

"అక్కేంటి? నేను తనకన్నా రెండేళ్ళు చిన్న," అంది వియ్యపురాలు మంచం మీంచి నీరసంగా.

రెండు సీసాలు ఎక్కేసరికి మధ్యాహ్నం మూడయింది. సూదమ్మ స్టూలు మీద కూర్చుని, అలవాటుకొద్దీ నిమిషానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయో చూస్తోంది.

"వదినా," అంది వియ్యపురాలు. "మావాడు ఆ రోజు మెసేజీలో 'అత్తయ్యకి నువ్వే మెల్లగా చెప్పమ్మా' అని రాశాడు. నేను చెప్పలేదు."

"నాకు అప్పటికే తెలిసిపోయిందిగా."

"ఊఁ."

"అత్తయ్య అనే రాశాడా?"

"అనే రాశాడు."

సూదమ్మ లేచి చుక్కల వేగం కొద్దిగా తగ్గించింది. అలా తగ్గించాల్సిన అవసరమేమీ లేదు.

"దానికి కూడా చెప్పాల్సినవి ఉండే ఉంటాయి," అంది మళ్ళీ కూర్చుంటూ. "నన్ను అడగనివ్వలేదు. నేనూ గట్టిగా అడగలేదు. విమానం టికెట్టు చేతిలో ఉందిగా."

"నేనూ అంతే," అంది వియ్యపురాలు. "ఆ బ్యాగు లోపలి అరలో నిమ్మ బిళ్ళలున్నాయి, ఒకటి ఇవ్వు. నోరంతా చేదుగా ఉంది," అంది.

ఆ రోజు బస్సు తప్పిపోయింది. మిగిలిన రోజులన్నీ ఆ ఊళ్ళోనే, బస్టాండు ఎదురుగా రెండు మంచాల గదిలో గడిచాయి. చూడాల్సినవేమీ లేని ఊరు. సూదమ్మ గంజి కాచేది. వియ్యపురాలు గోడవైపు తిరిగి పడుకునేది. మధ్యాహ్నాలు కిటికీలోంచి వచ్చే బస్సులు, పోయే బస్సులు చూసేవారు. పిల్లల గురించి మాట్లాడుకోవడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు. అయినా పెద్దగా మాటలు రాలేదు. ఒక సాయంత్రం మాత్రం వియ్యపురాలు తన చొక్కా మడతపెడుతూ, "నాకేమీ అనిపించట్లేదేంటి వదినా?" అని అడిగింది. "నాకూ అంతే," అంది సూదమ్మ. వియ్యపురాలికి ఆ జవాబు చాలినట్టుంది, మడత పూర్తిచేసి చొక్కాని జాగ్రత్తగా బ్యాగులో పెట్టుకుంది.

విమానం దిగాక బయట ఒకవైపు సూదమ్మ కూతురు, ఇంకోవైపు వియ్యపురాలి భర్త నిలబడి ఉన్నారు. కూతురు కాస్త ఒళ్ళు చేసింది. ముఖం తేటగా ఉంది. ఆమె అత్తగారిని చూసి రెండడుగులు ముందుకొచ్చి, ఆగి, తల వంచి పలకరించింది. వియ్యపురాలు ఆ పిల్ల చెంప ఒకసారి నిమిరి, భర్త తెచ్చిన బండి వైపు నడిచింది.

సూదమ్మ పద్నాలుగు గంటలు నిద్రపోయింది. సోమవారం పొద్దున్న ఏడింటికి కుర్చీలో ఉంది. "ఎలా జరిగింది?" అని అందరూ అడిగారు. "బాగా జరిగింది" అని అందరికీ చెప్పింది. ఇంట్లో ఒక ఆదివారం, అతను రెండుసార్లు వచ్చిన సంగతి కూతుర్ని అడిగింది. "తలుపు తీస్తే తనతో వెళ్ళిపోయేదాన్నమ్మా, అందుకే తీయలేదు," అంది కూతురు బంగాళదుంపలు చెక్కు తీస్తూ. సూదమ్మ ఆ మాటని ఎటూ తేల్చుకోలేక, ఇంకో చాకు తీసుకుని తనూ కూర్చుంది.

నెలా పది రోజులకి వియ్యపురాలు ఫోన్ చేసింది.

"ఖాళీయేనా?"

"ఖాళీయే."

"దుకాణానికి రంగు వేయిస్తున్నా. ఏదో తేల్చుకోలేకపోతున్నా. మా ఆయన్ని అడిగితే అన్నీ బాగున్నాయంటాడు."

సూదమ్మ వెళ్తున్నానని కూతురికి చెప్పింది. కూతురు పుస్తకంలోంచి తలెత్తకుండా, "వెళ్ళమ్మా, పొద్దుపోకముందే వచ్చెయ్," అంది.

దుకాణంలో కుట్టుమిషన్లన్నీ మధ్యలోకి లాగి దుప్పట్లు కప్పారు. గోడ మీద పక్కపక్కనే మూడు రంగుల మరకలు: ఒకటి లేత పసుపు, ఒకటి బూడిద, ఒకటి ఏ రంగో చెప్పలేనిది. ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడి చూశారు.

"ఏమంటావు?" అంది వియ్యపురాలు.

సూదమ్మ మూడింటినీ మళ్ళీ చూసింది. "ఒక్కటీ బాగాలేదు," అంది.

"హమ్మయ్య," అని వియ్యపురాలు రంగులు వేసేవాడిని పిలిచి, డబ్బాలు వెనక్కి పట్టుకెళ్ళమంది.