మూడు బంతుల కంప్యూటర్లు

సాంబయ్య మా జైనూర్ బడిల ల్యాబ్ అటెండర్. అవుట్‌సోర్సింగ్ కొలువు. చదివింది అయిదో తరగతి. చుట్టుపక్కల ఊర్లల్ల ఏ పెండ్లయినా వడ్డన ఆయనదే. నేను మనోరమ, కంప్యూటర్ టీచర్‌ను. ఎం.సి.ఎ. చదివిన. ఇద్దర్ల ఎవలకు తెలివున్నదో అని మూడేండ్లు నాకు అనుమానమే రాలే.

మా ల్యాబ్‌ల పిల్లల ముందు ముప్పై తెరలుంటయి. వాటికి సొంత బుర్ర లేదు. బుర్రంత మూలకున్న సర్వర్‌దే, దాన్నుంచే అన్నిటికి వైర్లు గుంజిండ్రు. గంట కొట్టంగనే ముప్పై మంది ఒక్కసారే బటన్ నొక్కుతరు, సర్వర్ నోరెళ్లబెడ్తది. తెరలు వచ్చేసరికి ఇరవై అయిదు నిమిషాలు. పీరియడే నలభై.

జిల్లా ఆఫీసరు విజయేందర్ సార్ వచ్చి చూసి, నెలలోపల బాగుగాకుంటె ల్యాబ్‌ను వేరే బడికి తీస్కపోతమన్నడు. ల్యాబ్ పోతె సాంబయ్య కొలువు గూడ పోతది. ఆయన బిడ్డ భూమిక ఆదిలాబాద్‌ల నర్సింగ్ చదువుతున్నది గా కొలువు మీదనే.

నేను ఉరుకులాడిన. వైర్లు మార్పిచ్చిన, స్పీడుండే స్విచ్ డబ్బా పెట్టిచ్చిన, సర్వర్‌కు మెమరీ పెంచిన. గుడ్డికంటె మెల్ల నయం, ఇరవై అయిదు నిమిషాలు ఇరవై రెండయినయి.

గప్పుడు సాంబయ్య తలుపుకాడ నిలబడి అన్నడు: "టీచరమ్మా, వడ్డించెటోడు ఒక్కడే ఉంటె ముప్పై మందిని ఒక్క బంతిల కూసోబెడ్తరా?"

నాకు కోపం నషాళానికంటింది. ఇంత చదివినదానికి పప్పుచారు వడ్డన నేర్పుతుండా అనిపించింది. కని వేరే దారి లేక సరే అన్న. తెల్లారి పీరియడ్ల ఆయన పిల్లలను మూడు బంతులు జేసిండు. మొదటి పది మందికి తెరలొచ్చినంకనే రెండో పది. తొందరపడి నొక్కబోయినోళ్లకు "జర ఆగు బిడ్డా, నీ దాకా వస్తది" అని చెప్పుకుంట తిరిగిండు. పది మందే అడిగేసరికి సర్వర్‌కు ఊపిరాడింది, ముప్పై తెరలు తొమ్మిది నిమిషాల్ల వచ్చినయి. నేను ఫ్యాన్ దిక్కు చూసుకుంట నిలబడ్డ.

ఆఫీసరు మల్ల వచ్చి ఖుషీ అయిండు. ఇదంత సాంబయ్య పనే అని నేను చెప్పిన. విన్నడు, రాసుకున్నడు గూడ. వారానికి కాయితం వచ్చింది. ల్యాబ్ మంచిగ నడుస్తున్నది గనుక ఈడనే ఉంటదట. మంచిగ నడుస్తున్నది గనుక అటెండర్ అవసరం లేదట.

సాంబయ్య ఆ కాయితాన్ని రెండుసార్లు చదివిండు. తాళంచెవులు బల్ల మీద పెట్టి, మంచిది టీచరమ్మా అని పోయిండు. నాకు ఏడుపొచ్చింది.

సోమవారం గంట కొట్టంగనే పిల్లలు నా మొఖం దిక్కు చూసిండ్రు. బంతులు పెట్టుడు ఇప్పుడు నాకూ వస్తది. పెట్టలే. అందరు ఒక్కసారే నొక్కుండ్రి అన్న. పావుగంట చూసి ఆఫీసరుకు ఫోన్ చేసిన.

"సార్, ల్యాబ్ నడుస్తలేదు. నడిపెటోన్ని మీరు ఇంటికి తోలిండ్రు."