వీధి అద్దం దగ్గర చోటు

మా ఇంటికి రెండు బస్టాపుల అవతల ఒక మలేషియా హోటల్ ఉంది. పన్నెండు బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ వారగా చేతులు కడుక్కునే కుళాయి. టీచరుగా రిటైరయ్యాక ప్రతి బుధవారం మధ్యాహ్నం నా భోజనం అక్కడే. వంటింటి కిటికీ పక్క బల్ల నాది. ఆ కుర్చీలో కూర్చుంటే అన్నంతోపాటు లోపలి కబుర్లు కూడా వడ్డన అవుతాయి.

అక్కడ రొట్టెలు చేసే ఆయన్ని అందరూ రొట్టె మాస్టారనే అంటారు. ఇరవై రెండేళ్లుగా ఒకటే పని. నూనెలో నానిన పిండిముద్దని బల్ల మీద చరచడం, అంచు పట్టుకుని గాల్లో రెండుసార్లు తిప్పడం, వల పరిచినట్టు పరిచి, మడతలు పెట్టి పెనం మీద వేయడం. కాలాక రెండు అరచేతుల మధ్య నలిపితే పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. పల్చటి పప్పులో ముంచుకుని తింటే నాకు మాట్లాడాలని కూడా అనిపించదు. నన్నెరిగినవాళ్లకి అదెంత గొప్పో తెలుసు.

అన్నేళ్లూ మాస్టారు వెనక మూలన, పొగగొట్టం కిందే ఉన్నారు. వీధివైపు పెద్ద అద్దం ఉన్నా దానికి అడ్డంగా ఫ్రిజ్ ఉండేది. ఈ ఏడు యజమానురాలు దాన్ని తీయించేసింది.

"అక్కడ ఒకళ్లని నిలబెడతాను. దారినపోయేవాళ్లు చూసి లోపలికి రావాలి" అంది.

మాస్టారు ఆ సాయంత్రమే కొత్త టోపీ కొనుక్కున్నారు.

చిక్కల్లా మాస్టారి బావమరిదితో వచ్చింది. పని లేక ఇంట్లో కూర్చున్నవాణ్ణి మాస్టారే యజమానురాల్ని బతిమాలి టీ దగ్గర పెట్టించారు. వాడు చిక్కటి పాల టీని ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి గజం ఎత్తునుంచి పోస్తాడు. చుక్క కింద పడదు, పైన వేలెడు నురగ నిలుస్తుంది. జనం ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసేవారు. మాస్టారి రొట్టెకి ఇరవై రెండేళ్లలో ఒక్క ఫోనూ లేవలేదు.

"నేనే తెచ్చి పెట్టుకున్నాను టీచరుగారూ" అన్నారు ఒకసారి కిటికీలోంచి గొంతు తగ్గించి. "ఇటునుంచి అటు పోయడం కూడా ఒక విద్యేనా?"

"మీరు తాగి చూశారా?"

"మానేసి నెలైంది. మంచినీళ్లు చాలు నాకు."

బావమరిదికి ఇదంతా తెలియదనుకోకండి. "బావా, నురగ ఎక్కువొచ్చింది, మీసానికి కావాలా?" అంటూ గ్లాసు చాపేవాడు. మాస్టారు తలెత్తకుండా పిండిముద్దని ఇంకాస్త గట్టిగా చరిచేవారు.

చివరికి ఒక బుధవారం యజమానురాలు ఇద్దరినీ అద్దం ముందు నిలబెట్టింది. ఆ పూట చూసి అద్దం ఎవరిదో తేలుస్తానంది. నేను పదకొండున్నరకే వెళ్లి కూర్చున్నాను.

మాస్టారు రొట్టెని రెండుసార్లు కాదు, అయిదుసార్లు తిప్పారు. చప్పట్లు పడ్డాయి. ఏడుసార్లు తిప్పారు. పిండి ఎంత పల్చబడిందంటే, దాని వెనకనుంచి ఆయన మీసం కనిపించింది. అద్దం అవతల ఫోన్లు లేచాయి. ఆయన బావమరిది వైపు చూసిన చూపు చూడాలి, క్లాసులో మొదటి మార్కు వచ్చిన పిల్లాడిలా.

నా పళ్లెంలోకి వచ్చిన రొట్టె మాత్రం పెళ్లున విరిగింది. పొరల జాడ లేదు. అటూ ఇటూ చూసి సగం వదిలేశాను.

జనం పల్చబడ్డాక మాస్టారు టోపీ సర్దుకుంటూ వంటింట్లోకి వచ్చారు. అక్కడ గిన్నెలు కడిగేది ఆయన భార్యే.

"చప్పట్లు విన్నావా?" అన్నారు.

"విన్నా. ఇది కూడా చూడు." ఎంగిలి పళ్లేల దొంతరని ఆయన ముందుకు జరిపింది. ప్రతిదాంట్లో సగం రొట్టె. "ఇన్నేళ్లలో నీ రొట్టెముక్క బుట్టలో పారేసి ఎరగను. ఈ పూట బుట్ట నిండింది."

"మరి వాడి గ్లాసులో?"

"కడగక్కర్లేదు. అడుగుదాకా నాకి పెట్టారు."

"తమ్ముడు కదా, అలాగే అంటావు."

"మొగుడివి కాబట్టే చెప్తున్నా."

మాస్టారు ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. టోపీ తీసి జేబులో కుక్కుకున్నారు. యజమానురాలు నోరు విప్పకముందే ఆమె దగ్గరికి వెళ్లి, "అద్దం వాడికే ఇవ్వండి. నా పెనాన్ని మాత్రం కిటికీ దగ్గరికి జరపండి. తిరిగొచ్చే పళ్లేలు నాకు కనబడాలి" అన్నారు.

మరుసటి బుధవారం రొట్టె రెండు తిప్పులకే పెనం ఎక్కింది. పొరలన్నీ ఎప్పటిలా విచ్చుకున్నాయి. మాస్టారు మనసు కుదుటపడిందనుకుని సంతోషించాను. అంతలో కిటికీలోంచి ఆయన తల బయటికొచ్చింది.

"టీ ఎలా ఉంది టీచరుగారూ?"

నిజానికి అంత మంచి టీ నేను ఈమధ్య తాగలేదు. గ్లాసు అడుగున నురగ కూడా చెంచాతో తీసుకుంటున్నాను.

"కాస్త చల్లారిందండీ" అన్నాను.

ఆయన తల లోపలికి పోయింది. రెండు నిమిషాల్లో నేను అడగని రొట్టె ఒకటి, పొగలు కక్కుతూ, నా పళ్లెంలోకి వచ్చింది.