పొయ్యి దగ్గరి పాదాలు

మాది ఆత్రేయపురం. ఇంట్లో పూతరేకులు చేసి అమ్ముతాం. ఒక నవంబరులో సర్కారు ఆసుపత్రి నర్సమ్మ ఒకావిడ నీలం వలయం బొమ్మ ఉన్న బ్యానర్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ నెలలో ప్రపంచమంతా షుగరు జబ్బు గురించి జనానికి చెబుతారట, ఆ వలయం దానికి గుర్తట. మా అరుగు పెద్దది కాబట్టి పరీక్షలు ఇక్కడే పెడతానంది.

"మిఠాయి అమ్మే ఇంటికి షుగరు బోర్డు కడతానంటారేంటండీ? కొనడానికొచ్చినవాళ్ళు కారు దిగకుండానే వెళ్ళిపోతారు" అన్నాను.

"దిగిన వాళ్ళు చూపించుకుని, తర్వాత కొనుక్కుంటారు లెండి" అందావిడ.

నాకు నోరెక్కువని వీధిలో పేరుంది. ఆవిడ ముందు మాత్రం అది పని చెయ్యలేదు. ఒప్పుకున్నాను. ఒకసారి ఒప్పుకున్నాక ఊరుకునే రకాన్ని కాను కాబట్టి, ఆ ఉదయం ఇంటింటికీ తిరిగి, రానన్నవాళ్ళని బతిమాలీ కోప్పడీ అరుగు నింపేశాను. అందర్నీ పిలిచి ఇంట్లో మనిషిని మర్చిపోయాను.

ఆ మనిషి నా తోటికోడలు, మా మరిది భార్య. రేకు తీయడంలో మా వీధిలో ఆమెని మించినవాళ్ళు లేరు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెట్టి, పల్చగా కలిపిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి తీస్తే, క్షణంలో పొర కడుతుంది. ఆ కాలే పొరని ఉత్త చేత్తో లేపాలి. కొత్తకోడలిగా వచ్చినప్పుడు వేళ్ళు బొబ్బలెక్కి ఏడ్చేది. నేను కొబ్బరినూనె రాస్తూ, "వేడి తెలియడం మానేసిన రోజున నీకు పని వచ్చినట్టు" అన్నాను. మా అత్తగారు నాతోనూ అదే అన్నారు.

పాతికేళ్ళలో ఆమెకి నిజంగానే వేడి తెలియడం మానేసింది. ఈమధ్య రెండేళ్ళుగా అయితే పొయ్యి నోటి దాకా కాళ్ళు చాపుకుని కూర్చునేది. నిప్పురవ్వ పాదం మీద పడ్డా కదిలేది కాదు. కొనడానికి వచ్చినవాళ్ళని లోపలికి పిలిచి మరీ చూపించేదాన్ని. "పనితనమంటే ఇదండీ" అనేదాన్ని, అదేదో నేనే నేర్పినట్టు.

మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక నర్సమ్మ అడిగితే గాని ఆమె గుర్తు రాలేదు. "రాయిలా ఉన్నాను, నాకెందుకండీ" అంటూనే వచ్చి కూర్చుంది. వేలు గుచ్చి చూసిన నర్సమ్మ మీటరు వంక రెండుసార్లు చూసింది. తర్వాత సన్నటి నైలాన్ దారం తీసి, "కళ్ళు మూసుకోమ్మా. పాదానికి ఇది తగిలినప్పుడల్లా చెప్పు" అంది.

తోటికోడలు బుద్ధిగా కళ్ళు మూసుకుంది. నర్సమ్మ అరికాలంతా దారంతో తాకుతూ పోయింది. మడమ, మధ్య భాగం, వేళ్ళ కింద. ఆ కాలు అయ్యాక ఈ కాలు.

"ఇంకా మొదలెట్టలేదాండి?" అంది తోటికోడలు, కళ్ళు తెరవకుండానే.

నర్సమ్మ ఆమె కుడి పాదాన్ని పైకెత్తి నాకు చూపించింది. బొటనవేలి కింద నల్లగా కాలిన గాయం, చుట్టూ వాపు, చీము. అది ఎప్పుడు అయిందో ఆమెకే తెలియదు. ఇన్నాళ్ళూ నేను పదిమందికీ చూపించి మెచ్చుకున్నది జబ్బుని.

రాజమండ్రిలో డాక్టరు గారు, వేలు దక్కుతుందో లేదో నెల పోతే గాని చెప్పలేనన్నారు. రోజూ ఎవరో ఒకరు అరికాలు చూసి, కడిగి, కట్టు కట్టాలి. వంగి చూసుకునే ఒళ్ళు కాదు ఆమెది. మరిది తెల్లారకుండానే సరుకుతో వ్యానేసుకుని వెళ్ళిపోతాడు. మిగిలింది నేను.

మర్నాడు నేను చాప మీద కూర్చుని కాలు చాపమంటే, ఆమె పాదాలు చీరలోకి లాగేసుకుంది.

"పెద్దవారు మీరు నా కాళ్ళు పట్టుకోకూడదక్కా. నాకు పాపం చుట్టుకుంటుంది."

"వేలు పోతే ఏం చుట్టుకుంటుందో ఆలోచించావా?" అన్నాను.

ఎంత చెప్పినా వినలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి, లాడం వేయించుకునే ఎద్దులా కాలు వెనక్కి ఎత్తేది. నేను వంగి సెల్ ఫోను లైటు వేసి చూసేదాన్ని. చెయ్యి తగలనిచ్చేది కాదు. కట్టు తనే తడుముకుంటూ కట్టుకునేది. రెండు వారాలకి చీము మళ్ళీ పట్టింది. ఈసారి డాక్టరు గారు వేలు తీసే మాట ఎత్తారు.

ఇంటికొచ్చాక నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "కాలుతున్నా తెలియకపోతే శభాష్ అన్నది నేను. వీధంతా చాటుకున్నది నేను. నీ పాపం సంగతి తర్వాత, నా పాపం నన్ను కడుక్కోనీ" అన్నాను.

తెల్లారి చూస్తే చాప పరిచి ఉంది. నేను కూర్చోగానే ఆమె వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. తర్వాత తన కాలు నెమ్మదిగా నా ఒళ్ళో పెట్టింది. అప్పటి నుంచి అదే వరస, ముందు దణ్ణం, తర్వాత కాలు. ఈ లెక్కన రోజూ దీవిస్తుంటే నీకు నూరేళ్ళు దాటేలా ఉన్నాయని వేళాకోళం చేసేదాన్ని.

వేలు దక్కింది. గాయం మానడానికి మాఘమాసం పెళ్ళిళ్ళ దాకా పట్టింది. ఇప్పుడు ఆమె మాత్రలు వేసుకుంటుంది, పొయ్యికి దూరంగా కూర్చుని రేకులు చుడుతుంది. నాకూ షుగరు హద్దు గీత దగ్గరే ఉందన్నారు కాబట్టి, సాయంత్రం ఇద్దరం కాలవ గట్టున నడుస్తాం. అరికాలు మాత్రం జీవితాంతం రోజూ చూడాల్సిందే.

మొన్న పెద్ద ఆర్డరు ఉండి, లేవగానే పొయ్యి దగ్గరికి పోయాను. కుండ వేడెక్కుతుండగా వెనక నుంచి పిలుపు వినిపించింది.

"అక్కా, ఇవాళ నా కాలు చూడలేదండి."

మంట తగ్గించి వెళ్ళి కూర్చున్నాను. ఆర్డరు గురించే ఏదో చెబుతూ ఆమె కాలు నా ఒళ్ళో పెట్టేసింది. అయిదు వేళ్ళూ ఒక్కొక్కటే విడదీసి చూశాను. దణ్ణం పెట్టలేదని ఆమెకి గుర్తు లేదు. నేను గుర్తు చెయ్యలేదు.