పై అంతస్తు క్లాసు

మదనపల్లెలో పరీక్ష పాసైన వాళ్లకే సీటిచ్చే స్కూల్లో ఆ పిల్ల నా పక్కన కూర్చునేది. కురబలకోట వైపు గొర్రెల కాపరి కూతురు. చిన్నప్పుడే ఒక కాలు చచ్చుబడింది. అయినా పై అంతస్తు క్లాసుకు రోజూ మెట్ల కమ్మీ పట్టుకుని, ఎవరి చెయ్యీ అందుకోకుండా ఎక్కేది.

తొమ్మిదో తరగతిలో ఒక డాక్టరుగారి అబ్బాయికి ఆటలో కాలు విరిగింది. మర్నాడే మా క్లాసును కిందికి మార్చారు. అతని కట్టు విప్పగానే మళ్లీ పైకి పొమ్మన్నారు.

ఆ పిల్ల కింది మెట్టు మీదే కూర్చుండిపోయింది.

"ఆయప్ప కాలికి దిగొచ్చిన క్లాసు నా కాలికి యాల రాదు సార్?"

"నీకు అలవాటే గదమ్మా," అన్నాడు హెడ్మాస్టరు.

"అలవాటైతే నొప్పుండదా సార్?"

సాయంత్రం వాళ్ల నాయనను పిలిపించి టీసీ చేతిలో పెట్టారు.

కాలు బాగలేక మానేసిందని అక్కడ ఇప్పటికీ చెబుతారు. పచ్చి అబద్ధం. అడిగినందుకు పంపేశారు.